మా తోడికోడలి పిత్తాశయమూ నా మిరపకాయ బజ్జీలూ

మా వీధిలో నేత పనికి మగ్గం గుంతలోకి దిగే మనిషి ఎవరైనా సరే, ముందు మా అరుగు దగ్గర ఆగి ఇంత ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని గానీ దిగేవాడు కాదు. బొరుగులు నీళ్ళలో నానేసి, చేత్తో గట్టిగా పిండేసి, ఉల్లిగడ్డ తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. అదేమీ గొప్ప విద్య కాదు, ఎమ్మిగనూరులో ప్రతి ఇంట్లోనూ చేస్తారు. కాకపోతే పొద్దున్నే ఒక చేత్తో నూలు కండెలు చుడుతూ ఇంకో చేత్తో పొయ్యి ఊదలేని ఆడవాళ్ళకు నా బాణలి ఒక ఆసరా. ఏళ్ళ తరబడి అట్లా నడిచిన అరుగు ఒక కాలంలో ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఎందుకంటే, నేను నా తోడికోడలికి మందు పెట్టానట.

మందు అంటే ఆస్పత్రి మందు కాదు. ఒకరిని వశం చేసుకోవడానికో, చిక్కి శల్యమయ్యేట్టు చెయ్యడానికో తిండిలో కలిపి పెట్టేది. అందులో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. కలుపుతుండగా చూసినవాళ్ళు లేరు. తిన్నవాళ్ళు మాత్రం వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అది కడుపులో అతుక్కుని ఏళ్ళ తరబడి ఉంటుందని, కక్కిస్తే గానీ పోదని మావాళ్ళ నమ్మకం. కక్కించేవాళ్ళు ఆలూరు పక్క పల్లెల్లో, తుగ్గలి పక్క పల్లెల్లో ఉన్నారు. అమావాస్య వస్తే వాళ్ళ ఇళ్ళ ముందు ఆటోలకు జాగా దొరకదు.

మాది ఒకే గోడకు రెండు ఇళ్ళు. ఇటు పక్క నేను, మా ఆయన. అటు పక్క మా మరిది, నా తోడికోడలు. మా అత్త నిద్రపోయేది ఎక్కడైనా తినేది మాత్రం చిన్నకొడుకు ఇంట్లో, పైగా అక్కడ వంట పెత్తనం కూడా ఆమెదే. మా అత్త కూరలో నూనె వేసేది కాదు, కూరకు నూనె సీసా చూపించేది. ఆ ఇంట్లో జొన్నరొట్టె, నీళ్ళ పప్పు, చింతపండు చారు. దానికి తోడు నా తోడికోడలికి సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. కాన్పయినప్పటి నుంచి మొక్కులు ఎక్కువయ్యాయి. మిగిలిన రోజుల్లో ఆ పిల్ల తిన్నా తిననట్టే ఉండేది.

అట్లాంటి పిల్ల ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నది. నేను ఓళిగ మీద నెయ్యి పోస్తే అది పళ్ళెం అంచు దాకా రావాలి. అది నా అలవాటు. తిన్న కాసేపటికి ఆ పిల్లకు డొక్కలో నొప్పి. కుడిపక్క ఎముకల కింద మొదలై, వీపులోకి దూరి, భుజం దాకా పాకింది. ఒళ్ళంతా చెమటలు, వాంతి. వాము నమిలించాం, దిష్టి తీశాం, సాయంత్రానికి తగ్గింది. ఓళిగ అరగలేదనుకున్నాం.

తర్వాత ఇంకోసారి మా అరుగు మీద బజ్జీలు తిన్న రోజు వచ్చింది. ఆ తర్వాత శనక్కాయలు నూరి నేను చేసిన గుత్తివంకాయ తిన్న రోజు. ప్రతిసారీ నా చేతి తిండే. అత్త పెట్టిన రొట్టె, చారు తిన్న రోజు మాత్రం ఏమీ లేదు. మా అత్త బడికి పోలేదు గానీ లెక్క పట్టుకుంది. కుళాయి దగ్గర నలుగురికీ చెప్పి, నలుగురూ ఎనిమిది మందికి చెప్పాక, చివరికి నా ముఖానే అడిగింది.

"నీ సేతి కూడు తిన్నబుడే దానికి నొప్పి యాలొస్తాది? నా సేతిది తింటే రాదే. సెప్పు మరి."

ఇప్పుడు ఆలోచిస్తే, అది చాలా మంచి ప్రశ్న. మా అత్త తన జీవితం మొత్తం మీద అడిగిన ఒకే ఒక్క సైన్సు ప్రశ్న అది. ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు ముందే తన దగ్గర తయారుగా ఉండడమే చిక్కు.

సరే, పెట్టాననే అనుకుందాం. ఎందుకు పెట్టినట్టు? దానికి రోజుకో కారణం పుట్టింది. వాళ్ళ ఇంటి ముందు గదిలో భాగం కోసమని ఒకరు. మరిదిని మా చెప్పుచేతల్లో పెట్టుకోవడానికని ఇంకొకరు. ఆ పిల్ల రంగు చూసి ఓర్వలేక అని మూడో ఇంటావిడ. వశం చేసుకునే మందే నా దగ్గర ఉంటే ముందు నా మొగుడికి పెట్టుకుని ఉండేదాన్ని కదా. గ్యాసు అయిపోయింది, తెచ్చి పెట్టవయ్యా అని వారం చెప్పినా వినని మనిషి ఆయన. నా బజ్జీల్లో మందు ఉంటే ఇన్నేళ్ళుగా తింటున్న మగ్గాల వీధి మొత్తం నా వశమై, పొద్దున్నే నా వాకిలి ఊడ్చి పోవాలి కదా. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వారు. నవ్వి, బజ్జీ తినకుండా పోయారు.

మా ఆయన ఏమన్నాడని అడగకండి. ఆయన మగ్గం గుంతలోకి దిగి పేక నూలు వెయ్యడం మొదలుపెట్టాడు. మాట వినపడకుండా ఉండాలంటే మగ్గం చప్పుడును మించిన సాధనం లేదు. ఆ నెలలో ఆయన నేసినన్ని గజాలు ముందూ నెయ్యలేదు, తర్వాతా నెయ్యలేదు.

అరుగు దగ్గరికి మనిషి రావడం తగ్గింది. తర్వాత ఆగిపోయింది. ఎప్పుడూ రెండు బజ్జీలు ఎక్కువ అడిగే పెద్దాయన కూడా ఎదురు గోడ పక్కగా నడిచి పోయేవాడు. కలిపిన బొరుగులు సాయంత్రానికి మెత్తబడి ముద్దయ్యేవి. బాణలి నిండా నూనె, చుట్టూ ఎవరూ లేరు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పిలిచేవాళ్ళు కూడా పిలుపు చెప్పి, వంట వైపు మాత్రం నన్ను రానివ్వలేదు. నా చేతి కూడు బాగుంటుందనే మాట పోతే నాకు ఇక ఈ వీధిలో మిగిలేది ఏమీ లేదు.

ఆలూరు పక్క పల్లెకు పోదామన్నారు. నన్ను కూడా రమ్మన్నారు. రానంటే ఒప్పుకున్నట్టు, వస్తే పట్టుబడినట్టు. వెళ్ళాను. ఆదోని దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ మీద కిక్కిరిసిన ఆటో. కక్కించే మనిషి ఇంటి వసారాలో దేవుడి పటం, దాని పక్కనే ఫోన్లో డబ్బులు వేసే అట్ట. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే నా తోడికోడలి చెయ్యి పట్టుకుని చూశాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా అని అడిగి, ఏదో ఆకు పసరు, ఉప్పునీళ్ళు కలిపి తాగించాడు.

పాపం, ఆ పిల్ల పేగులు నోట్లోకి వచ్చేట్టు కక్కింది. ముందు తాగిన నీళ్ళే వచ్చాయి. తర్వాత ఇంక ఏమీ లేక, పచ్చగా, జిగటగా కొంచెం వచ్చింది. ఆయన ఆ పళ్ళేన్ని వెలుతురుకు పట్టాడు. వేలితో కెలికి, నల్లటి ఉండ ఒకటి తీశాడు. ఆ ఉండ ఆయన గోళ్ళ సందులోంచి వచ్చిందో, మా పిల్ల కడుపులోంచి వచ్చిందో చూసేంత దగ్గర మమ్మల్ని కూర్చోనివ్వలేదు.

"యట్లుండాదమ్మా నోట్లో?" అని అడిగాడు.

"సేదుగా ఉండాది సామీ."

"ఇసం గదా, సేదు గాక తీపుంటాదా. సూడండి, మందు కరిగి పచ్చగా దిగింది. ఇంటి ఆడమనిషి సెయ్యే ఇది."

మా అత్త నా వైపు చూసింది. ఆ పళ్ళెంలోని పచ్చనీళ్ళే నాకు శిక్ష రాసిన కాగితం.

ఆయన పథ్యం చెప్పాడు. నూనె వద్దు, నెయ్యి వద్దు, శనక్కాయలు వద్దు, వేయించినవి ముట్టొద్దు, పరాయి చేతి కూడు తినొద్దు. చెప్పినట్టే చేశారు. విచిత్రం ఏమిటంటే నొప్పి నిజంగానే ఆగిపోయింది. దాంతో కక్కించే ఆయన పేరు మా వీధిలో మారుమోగింది. నా పేరు కూడా మారుమోగింది, ఇంకో రకంగా.

కొన్నాళ్ళకు గోనెగండ్లలో ఆ పిల్ల పుట్టింటివాళ్ళ పెళ్ళి. నన్ను పిలవలేదు కాబట్టి నేను వెళ్ళలేదు. మందు పోయింది కదా అని ఆ పిల్ల వడలు తిన్నది, నెయ్యన్నం తిన్నది, పెళ్ళి వంకాయ తిన్నది. బంతి లేవకముందే పాత నొప్పి పాత చోటే పట్టుకుంది. ఈసారి రెండింతలు. నేను పన్నెండు మైళ్ళ అవతల నా అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉన్నాను. మా అత్త దీనికి కూడా తడుముకోలేదు. మందు వేరు ఇంకా మిగిలి ఉందట, అది కదిలిందట.

కానీ నా తోడికోడలికి ఆ పసరు రుచి ఇంకా నాలుక మీదే ఉన్నట్టుంది. ఇంటికి తెచ్చాక మొగుడితో తెగేసి చెప్పింది.

"ఆలూరు పక్కకు నేను రాను. ఆదోని ఆస్పత్రికి తీస్కపో. అక్క గూడా రావాల."

నన్నెందుకు రమ్మన్నదో నేను అడగలేదు. మళ్ళీ బస్సెక్కాను. మా అత్త కూడా ఎక్కింది, సాక్ష్యం చెడిపోకుండా.

ఆదోనిలో ఒక డాక్టరమ్మ. ఆమె పొట్ట మీద జిగురు రాసి మిషను పెట్టి చూసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయని చెప్పింది. తర్వాత ఏం తిన్నప్పుడు నొప్పి వచ్చిందో వరసగా అడిగింది. నెయ్యి, బజ్జీలు, శనక్కాయల కూర, వడలు. వింటూ తల ఊపి, చీటీ వెనక ఒక బొమ్మ గీసింది. వంకాయంత కాలేయం, దాని కింద ముచ్చిక లాగా వేలాడే చిన్న సంచి.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మనం తిన్న నూనె కడుపులో నీళ్ళతో కలవదు. కలవనిది అరగదు. కాలేయం పైత్యరసమని ఒకటి తయారు చేసి ఈ సంచిలో నిలవ ఉంచుతుంది. నూనె, నెయ్యి పేగుల్లోకి దిగాయనగానే సంచికి కబురు వస్తుంది. సంచి పిండుకుని రసాన్ని వదులుతుంది. ఆ రసం పడితే నూనె కంటికి కనపడనంత సన్నటి బొట్లుగా విడిపోతుంది. అప్పుడు వేరే గ్రంథి నుంచి వచ్చే ఇంకో రసం ఆ బొట్లను ముక్కలు చేస్తుంది. ఇది నాకు వెంటనే పట్టింది. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, పెట్టే గంజిలో మేము కొంచెం నూనె వేస్తాం, దారం మెత్తగా ఉండాలని. వేసి ఊరుకుంటే పైన తేలుతుంది, కుంచె పెడితే దారం ఒక చోట జిడ్డు, ఒక చోట ఎండు. గంజిలో పడి బాగా చిలికితేనే నూనె బొట్లయి అంతటా పాకుతుంది. కడుపులో ఆ చిలికే పని ఈ రసానిదన్నమాట.

మా పిల్ల సంచిలో రాళ్ళున్నాయి. సంచి పిండుకున్నప్పుడల్లా రాయి వచ్చి దారికి అడ్డం పడుతుంది. అదే నొప్పి. రొట్టె, చారు తిన్న రోజు సంచికి కబురు రాదు, అది పిండుకోదు, నొప్పి ఉండదు. నా చేతి ఓళిగ తిన్న రోజు కబురు గట్టిగా వస్తుంది. మా అత్త ప్రశ్నకు జవాబు అంతే. నా చేతి కూడుకు, ఆమె చేతి కూడుకు తేడా ఒక గరిటె నెయ్యి.

పథ్యం కూడా అందుకే పనిచేసింది. కక్కించే ఆయన తెలియక చెప్పిన మాటే అతను చేసిన ఒకే ఒక వైద్యం.

అప్పుడు నేను నోరు తెరిచాను. "మేడం, వాంతిలో పచ్చగా, సేదుగా నీళ్ళు పడితే అదేంది?"

"అదేనమ్మా పైత్యరసం. ఖాళీ కడుపుతో గట్టిగా కక్కితే ఎవరికైనా వస్తుంది. నాకూ వస్తుంది, నీకూ వస్తుంది."

బల్ల మీద కూర్చున్న మా అత్త ముందుకు వంగింది. "మీకు గూడా ఎవురో పెట్టినారేమో మేడం. ఒకతూరి సూపిచ్చుకోండి."

డాక్టరమ్మ కాసేపు కలం కింద పెట్టింది. నా తోడికోడలు అంత నొప్పిలోనూ కొంగు నోట్లో పెట్టుకుంది. నవ్వితే డొక్క పట్టుకుంటుంది కదా.

రాళ్ళెందుకు పుడతాయని మా మరిది అడిగాడు. ఇదీ కారణమని వేలు పెట్టి చూపలేమని, ఆడవాళ్ళలో ఎక్కువని, కాన్పుల తర్వాత ఎక్కువని, కొందరికి వంశంలో వస్తుందని ఆమె చెప్పింది. తరచూ పస్తులుండేవాళ్ళలో, నూనె బొత్తిగా తినకుండా ఉండేవాళ్ళలో సంచి పిండుకోక రసం లోపలే నిలిచి చిక్కబడుతుందని, అది కూడా ఒక కారణం కావచ్చని అన్నది. నేను మా అత్త వైపు చూడలేదు. గోడ మీద గడియారం వైపు చూశాను. చాలా మంచి గడియారం.

సంచి తీసెయ్యాలన్నది డాక్టరమ్మ. ఇంటికి వచ్చాక మా అత్త ఒప్పుకోలేదు. కడుపు కొయ్యించుకున్న ఆడది మగ్గానికి పనికిరాదన్నది. మా మరిది ఆపరేషనుకు, అమ్మకు మధ్య నిలబడి ఫోను చూశాడు. అందులో ఒకాయన చెప్పాడట, పరదేశపు నూనె ఒక గ్లాసు, నిమ్మరసం ఒక గ్లాసు కలిపి పరగడుపున తాగితే రాళ్ళు జారి పడిపోతాయని. ఆదోనికి పోయి ఆ నూనె సీసా తెచ్చాడు. తన ఇంట్లో ఏడాదికి సరిపోయే నూనె ఒక్క గ్లాసులో పోశాడు.

నూనె పడితే సంచి పిండుకుంటుందని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది కదా అన్నాను.

"వదినా, నువ్వు సదివింది నాలుగో తరగతి. సెప్పేటాయన కోటేసుకోనుండాడు," అన్నాడు.

కోటుకు ఎదురు చెప్పేంత దాన్ని కాను. ఆ పిల్ల ఒద్దు ఒద్దంటూనే మొగుడి మాట మీద తాగింది. సంచి పిండుకుంది. రాయి జారి పడలేదు, దారిలో ఇరుక్కుంది. పొద్దెక్కేసరికి ఆ పిల్ల నేల మీద పడి గోడను గోకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. మా మరిది ముఖంలో రక్తం లేదు. ఆటో ఎక్కించి, నా ఒడిలో తల పెట్టుకుని ఆదోనికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. నా చెయ్యి అంటే ఏ చెయ్యో మీకు గుర్తుంది కదా.

చూడండి, ఆ రోజు ఆ పిల్లకు నిజంగానే ఒకరు గ్లాసులో కలిపి ఇచ్చారు. తాగిన పూటే పడిపోయింది. వీధి మొత్తం చూసింది. అయినా మా మరిది మందు పెట్టాడని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పాపం, పెళ్ళాం మీద ప్రేమతో చేశాడన్నారు. మందు ఆడవాళ్ళ చేతుల్లో మాత్రమే ఊరుతుంది కాబోలు.

ఆపరేషను చేసి సంచి తీసేశారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరమ్మ మా మరిదిని గట్టిగానే మందలించింది. సంచి లేకుండా నూనె ఎట్లా అరుగుతుందని నేను అడిగాను. రసం చేసేది కాలేయమే గానీ సంచి కాదని, ఇక నుంచి అది నిలవ ఉండకుండా కొంచెం కొంచెంగా నేరుగా కారుతుందని చెప్పింది. కాబట్టి నూనె కూడా కొంచెం కొంచెంగానే తినాలి, ఒకేసారి పళ్ళెం అంచు దాకా కాదు. ఆ మాట అంటూ నా వైపు చూసింది. ఆమెకు ఎవరు చెప్పారో.

అరిగిన నూనె తర్వాత ఎక్కడికి పోతుందో కూడా ఆమే చెప్పింది. మిగతా తిండి లాగా అది నేరుగా రక్తంలోకి పోదట. పేగు గోడలో మళ్ళీ చిన్న చిన్న మూటలుగా కట్టుకుని, పాల లాగా తెల్లగా, వేరే సన్నటి దారిన ఛాతీలోంచి పైకెక్కి, ఎడమ పక్క మెడ దగ్గర రక్తంలో కలుస్తుందట. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు నేరుగా బస్సుండగా ఆలూరు చుట్టి వచ్చినట్టు. అక్కడి నుంచి మూటలు ఊరంతా తిరుగుతాయి. గుండె దగ్గర కొంత, కండల దగ్గర కొంత దించుకుంటారు, కాల్చుకుని పని చేసుకుంటారు. మిగిలింది నడుం దగ్గర నిలవ. మా అత్త నూనె సీసాను చూపించడమే గానీ వెయ్యదు, మరి ఆమె నడుం దగ్గర అన్ని మూటలు ఎట్లా దిగాయో డాక్టరమ్మను అడగాలనుకుని మానేశాను.

ఆస్పత్రి వాళ్ళు ఆ రాళ్ళను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. మా అత్త ఆ సీసాను వీధంతా తిప్పి చూపించింది. ఇక నా మీద మచ్చ పోయిందనుకున్నాను. మా అత్తను తక్కువ అంచనా వేశాను.

బొరుగులు ఇసకలో వేయిస్తారు కదా. ఆ ఇసక సరిగ్గా కడగకుండా ఉగ్గాని చేస్తే, అది కడుపులో చేరి, గడ్డకట్టి ఇట్లా రాళ్ళవుతుందని ఆమె కొత్త మాట. మందు పెట్టలేదులే పాపం, నిర్లక్ష్యంగా రాళ్ళు పెట్టింది, అన్నది పెద్ద మనసుతో. మందు సంగతి నమ్మని వాళ్ళు కూడా ఇది నమ్మారు. సీసాలో రాళ్ళు కళ్ళ ముందు గలగలలాడుతున్నాయి మరి. ఉగ్గాని కడుపులోకి పోతుంది, ఆ సంచిలోకి దారే లేదు, ఆ రాళ్ళు రసం గడ్డకట్టినవి అని నేను చెబితే ఎవరు వింటారు. నా అరుగు మీద మళ్ళీ ఈగలు.

కుట్లు మానిన తర్వాత ఒక పొద్దున, మగ్గాలకు మనుషులు పోయే వేళకు, నా తోడికోడలు తన గడప దాటి వచ్చింది. పలకరించి పోతుందనుకున్నాను. వీధి వైపు ముఖం పెట్టి నా అరుగు మధ్యలో కూర్చుంది.

"అక్కా, ఉగ్గాని పెట్టు. బజ్జీ సగమే ఎయ్యి."

బాణలిలో బజ్జీ తీసి, నూనె కారిపోయేదాకా గరిటె మీదే పట్టుకుని, సగం తుంచి పెట్టాను. ఆ పిల్ల తొందర లేకుండా తిన్నది. ఒక్కో బొరుగూ కనపడేట్టు తిన్నది. లోపలి నుంచి మా అత్త పిలిచింది.

"ఈడనే కూసుంటా అత్తా. సూసేటోళ్ళు సూడనీ," అన్నది ఆ పిల్ల, వెనక్కి తిరగకుండా.

చూశారు. ఎదురింటివాళ్ళు గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు చూశారు. కండెల బుట్టలు మోసుకుపోయేవాళ్ళు చెప్పుల్లో రాయి దూరినట్టు ఆగి చూశారు. ఆ పిల్ల పడిపోవడం కోసం కాదు లెండి, పడిపోతే మొదట చూసినవాళ్ళు తామే కావాలని. నేను మాత్రం మనసులో ఆ సగం బజ్జీ నూనెతో పాటే ఆ పిల్ల లోపల నడుస్తున్నాను. ఇప్పుడు కడుపు దాటి ఉంటుంది. ఇప్పుడు పేగులో, కాలేయం నుంచి రసం బొట్టు బొట్టుగా పడుతూ ఉంటుంది. ఇప్పుడు మూటలు కట్టుకుంటూ ఉంటుంది. ఆ పిల్ల కుడిపక్క చెయ్యి వేసుకుంటే నా పని అయిపోయినట్టే. చెయ్యి పైకి లేచింది. జుట్టు సరిచేసుకుని మళ్ళీ కింద పడింది.

ఎండ అరుగు మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. ఆ పిల్ల అక్కడే నా రాట్నం ముందుకు లాక్కుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ నాతో ఆ మాటా ఈ మాటా చెబుతూనే ఉంది. మధ్యాహ్నం దాటింది. ఎదురు గడపలో బియ్యం మూడోసారి ఏరడం అయిపోయింది. ఏమీ జరగలేదు. అంతమంది ఎదురుచూసిన పని జరగకపోతే వీధికి ఎంత నిరాశగా ఉంటుందో నేను ఆ రోజు చూశాను.

మర్నాడు ఎదురు గోడ పక్కగా పోయే పెద్దాయన మొదట వచ్చాడు. తను ఎప్పుడూ నమ్మలేదన్నాడు. నడకకు మంచిదని ఆ పక్కన పోయేవాడట. తర్వాత వచ్చినవాళ్ళెవరూ నమ్మలేదు. అందరి మాటా విన్నాక, మా వీధిలో ఆ మాట నమ్మింది నేనొక్కదాన్నే అని తేలింది.

ఇప్పుడు నేను ఓళిగ మీద నెయ్యి ఒక చెంచానే వేస్తున్నాను, బజ్జీని జల్లెడ గరిటెలో ఎక్కువసేపు ఉంచుతున్నాను. నా చేతి రుచి పోయిందని మావాళ్ళు అంటున్నారు. అననీ.

ఈ మధ్య ఒక సాయంత్రం వెనక వీధి ఆవిడ వచ్చింది. చిన్నకోడలికి కుడి డొక్కలో నొప్పట, వీపులోకి పాకుతోందట, తినగానే వాంతులట. మీరు యాడికి తీస్కపోతిరి అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా అత్త గడపలోంచి ఆస్పత్రి పేరు, డాక్టరమ్మ కూర్చునే గది, మిషను పెట్టే ముందు జిగురు రాయడం, అన్నీ చెప్పేసింది. మా వీధిలో పిత్తాశయం గురించి అంత తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడిగింది.

"అది సరే గానీ, ఎవురి సేతి కూడు తిన్న్యాక మొదలైంది?"

వెనక వీధి ఆవిడ అటూ ఇటూ చూసి, ఇంకా గొంతు తగ్గించింది. "పెద్దకోడలు వండింది తిన్న్యాకనే."

నేను పొయ్యి కట్టేసి లేచాను. రేపు పొద్దున బస్సుకు నేను కూడా వస్తానని, పెద్దకోడల్ని తప్పకుండా వెంట తీసుకురమ్మని చెప్పాను. ఆమె ఎందుకని అడిగింది. డాక్టరమ్మ చెప్పేటప్పుడు పక్కన ఆ పెద్దకోడలు ఉండాలి, అంతే, అన్నాను.